పేరు గీకిన గిటారు

మా కాలనీలో ఎవరి గిన్నెల మీద వాళ్ల పేర్లుంటాయి. వనపర్తి బజారులో స్టీలు సామాను కొంటే దుకాణం వాడు పేరు అడిగి, కరెంటు పెన్ను గుర్రుమనిపిస్తూ గిన్నె అంచు కింద చెక్కి ఇస్తాడు. పెళ్లికో చావుకో నాలుగిళ్ల సామాను ఒక్కచోట చేరుతుంది కదా, మళ్లీ విడదీసుకునేటప్పుడు ఆ పేర్లే దిక్కు. పేరు లేని చెంబు ఒకటి మా ఇంటికీ పక్కింటికీ మధ్య పెట్టిన చిచ్చు నాకు పెళ్లయ్యేదాకా ఆరలేదు.

పాత గిన్నె కొన్నవాళ్లు మొదట దాని మీది పేరు గీకేస్తారు. ఇంకొకరి పేరున్న గిన్నెలో వండుకుంటే అడుక్కొచ్చినట్టుంటుంది. గీకేస్తే ఎత్తుకొచ్చినట్టుంటుంది. రెండిట్లో ఏది నయమో మా కాలనీ పెద్దమనుషులు ఎన్నడూ తేల్చలేదు గానీ, రెండు రకాల వాళ్లనూ సమానంగా ఆడిపోసుకున్నారు. మా నాయిన గీకేసే రకం.

ఇది చెప్పకుండా గిటారు సంగతి మొదలుపెడితే ఆయన పిచ్చివాడిలా కనిపిస్తాడు. ఆయన్ను చూసి నవ్వినవాళ్లు అప్పటికే చాలామంది ఉన్నారు. కొత్తగా ఎవరూ నవ్వనక్కర్లేదు.

నాయిన పుణెలో గోడలకు పుట్టీ పెట్టి రంగులు వేసేవాడు. మా కాలనీలో సగం మంది మగవాళ్లు అట్లా పుణెకో ముంబైకో పోయి, ఎండాకాలంలో తిరిగొచ్చేవాళ్లు. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది. నేను వనపర్తిలో ఇంటర్ చదువుతున్నాను. మా గుడిలో, అంటే చర్చిలో, మేం దాన్ని గుడి అనే అంటాం, ఒక పాత చెక్క గిటారు ఉండేది. దాని మీద నాలుగు స్వరాలు పట్టడం నాకు అమ్మగారు నేర్పారు. అమ్మగారంటే పాస్టరు గారి భార్య. పాస్టరు గారిని అయ్యగారు అంటాం. అమ్మగారు నేర్పింది కొంచెమే. మిగతాది నేనే వేళ్లు కోసుకుని నేర్చుకున్నాను. ఆ గిటారుకు తీగలు తెగిపోతే కొత్తవి వేయించే దిక్కు లేదు. ఉన్న వాటితోనే వాయించేదాన్ని. పక్కన సంఘ పెద్ద కొడుకు కీబోర్డు మోగిస్తుంటే నా గిటారు నాకే వినిపించేది కాదు.

సంఘ పెద్ద గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఆయన సర్కారు బడిలో పంతులు. కాలనీలో అందరూ ఆయన్ను సార్ అంటారు. మా వాళ్లలో మొదట నెల జీతం తెచ్చుకున్న ఇల్లు వాళ్లది. ఆ సంగతి ఆయన మరిచిపోడు, ఎవరినీ మరిచిపోనివ్వడు. ఆయన భార్యది గద్వాల. బావమరిది గద్వాల గుడిలో పెద్ద. ఈ చుట్టరికం తర్వాత పనికొస్తుంది.

ఆ ఎండాకాలం నాయిన బస్సు దిగి నేరుగా ఇంటికి రాలేదు. బజారుకు పోయి వచ్చాడు. భుజం మీద దుప్పట్లో చుట్టిన పొడుగాటి మూట. మంచం మీద పెట్టి విప్పితే నల్లగా నిగనిగలాడుతూ కరెంటు గిటారు. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. నిజం చెప్పొద్దూ, అంత అందమైన వస్తువు మా ఇంట్లోకి అంతకు ముందు రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు.

"పాతదే బిడ్డా. కని ఫారిన్‌ది. పాత సామాన్ల సంతల దొరికింది. మస్తు ఏండ్లదంట. గసుంటియి ఇప్పుడు చేస్తలేరంట. అమ్మినోడు ఒట్టు వెట్టి చెప్పిండు," అన్నాడు నాయిన.

దాని కోసం ఆయన రెండు పండుగలకు ఇంటికి రాలేదు. అమ్మ ఆ మాట అనబోయి, నా ముఖం చూసి ఊరుకుంది.

"ఎర్రగ ఉండె. గీతలు వడి ఉండె. పైపైన గరుకు చేసి, అల్మారాలకు కొట్టే నల్ల స్ప్రే కొట్టిన. సూడు, చేతికి యాడన్న తగుల్తదా?" అని నా చెయ్యి పట్టుకుని దాని మీద నిమిరించాడు. ఎక్కడా తగల్లేదు. మా నాయిన పనిలో వంక పెట్టడం ఎవరి తరమూ కాదు.

అప్పుడు నేను దాని తల చూశాను. తీగలు బిగించే చెవులుండే చోటు. అక్కడ ఏమీ లేదు. ఉత్త నలుపు.

"గాడ ఎవనిదో పేరుండె. నీ సామాను మీద వేరెటోని పేరెందుకని గీకేసిన," అన్నాడు. అని, గిటారు తిప్పి వెనక చూపించాడు. మెడ మొండెం కలిసే చోట నాలుగు మరలతో బిగించిన చిన్న ఇనప పలక. దాని మీద, గిన్నె మీద చెక్కినట్టే, తెలుగులో నా పేరు. "గీడ గూడ ఏందో నంబర్లుండె. స్టీలు దుకాణపోనితోని గవి అరగదీపిచ్చి నీ పేరు కొట్టిచ్చిన."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "నాయినా, అది ఎవరి పేరూ కాదు. కంపెనీ పేరు," అన్నాను.

"అయితే ఏంది? కంపెనీ వాయిస్తదా, నువ్వు వాయిస్తవా?"

నేను పలక మీది నా పేరును వేలితో తడిమాను.

ఆ తర్వాతి ఆదివారం దాన్ని గుడి ఆంప్లిఫయరుకు తగిలించి వాయించాను. మొదటిసారి నా చప్పుడు నాకు వినపడింది. కీబోర్డు చప్పుడును మించి వినపడింది. వెనక వరసలో చాప మీద కూర్చున్న నాయిన, పాట పాడకుండా నోరు మూసుకుని వింటున్నాడు. ఆ గంట సేపు నేను లోకంలో ఎవరికీ తీసిపోను అనుకున్నాను. సార్ ముఖం ఎట్లా ఉందో చూడాలని కూడా నాకు తోచలేదు.

ఆరాధన అయ్యాక ఆయనే వచ్చాడు. గిటారు తల పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు.

"పేరేది దీనికి?"

"లేదు సార్. నాయిన గీకేసిండు."

"గీకేసిండా? ఎందుకు గీకేసిండు?"

నేను గిన్నెల సంగతి చెప్పబోయాను. అప్పటికే ఆయన అయ్యగారి వైపు తిరిగాడు. గద్వాల గుడిలో ఎప్పుడో ఒక తెల్లదొర ఇచ్చిపోయిన కరెంటు గిటారు ఉండేదనీ, పాతది, ఫారిన్‌ది అనీ, కొన్నేళ్ల కింద అది దొంగల పాలయిందనీ, అది కూడా అచ్చం ఇట్లాగే ఉండేదనీ, నలుగురికీ వినపడేలా చెప్పాడు.

"గద్వాలది ఎర్రది," అని, జేబులోంచి బండి తాళంచెవి తీసి, గిటారు అంచున బర్రున గీరాడు. నలుపు కింద ఎరుపు బయటపడింది. చుట్టూ ఉన్నవాళ్లు దెబ్బ తగిలిన చోట నెత్తురు చూసినట్టు వెనక్కి జరిగారు.

నాయిన చెప్పులు వేసుకోకుండానే పరుగెత్తుకొచ్చాడు. "ఎర్రదే సారూ! నేనే చెప్తున్న గద ఎర్రదని. గీతలు వడ్డయని నేనే నల్లగ కొట్టిన."

"దొంగ సైకిలుకు గూడ గిట్లనే రంగు కొడ్తరురా."

నాయిన గట్టి గొంతు మనిషి. ఆ రోజు గుడి మెట్ల మీద నిలబడి అరిచిన అరుపుకు బజారు దాకా వినపడి ఉంటుంది. పుణెకు వచ్చి అడగమన్నాడు. అమ్మినవాణ్ణి పట్టుకొస్తానన్నాడు. దేవుడున్నాడన్నాడు. అమ్మ చెయ్యి పట్టి గుంజుతున్నా కదల్లేదు. ఆయన తల ఎత్తే ఉంది. అది బాగా గుర్తుపెట్టుకున్నాను.

అయ్యగారు మంచివారు. ఎవరినీ నొప్పించరు, అందుకే ఎవరికీ అక్కరకు రారు. "తేలేదాక గుళ్లనే ఉండనియ్యిండ్రి," అని గిటారును బీరువాలో పెట్టించి తాళం వేయించారు. తేలేదాకా నేను పాటల వాళ్లతో కూర్చోకపోవడమే మంచిదని అమ్మగారితో చెప్పించారు. సార్ ఆ సాయంత్రమే ఎస్‌టీడీ డబ్బాకు పోయి గద్వాలకు ఫోన్ చేశాడు. మీ గిటారు దొరికినట్టే ఉంది అని చెప్పాడట. ఆ మాట ఆయనే వచ్చి కాలనీలో చెప్పుకున్నాడు.

తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో ఒక్క సంగతి చెబితే చాలు. అమ్మ బోరింగు దగ్గరికి పోతే, అక్కడున్న ఆడవాళ్లు ఒక్క మాట అనలేదు. తమ బిందెల మీది పేర్లు ఆమెకు కనపడేలా తిప్పి పెట్టారు. అందులో పక్కింటామె లేదు. ఆమెకు అమ్మతో ఎట్లాగూ మాటల్లేవు కాబట్టి బిందె తిప్పే పని పడలేదు.

పుణె నుంచి మేస్త్రీ కబురు మీద కబురు పంపుతున్నాడు. నాయిన పోలేదు. "దొంగోని లెక్క పోవాల్నా? తేలినంకనే పోత," అన్నాడు.

తేల్చే మనిషి నాగర్‌కర్నూల్‌లో ఉన్నాడని సారే చెప్పాడు. పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా నడిపేవాడు, సౌండు బాక్సులు కిరాయికిచ్చేవాడు, గిటార్లు, కీబోర్డులు బాగుచేసేవాడు. వెనకట గద్వాల గిటారు పాడైతే బాగుచేసింది ఆయనే. దాని లోపలా బయటా ఆయనకు తెలుసు. అయ్యగారు బీరువా తాళం తీసి గిటారు సార్ చేతికిచ్చారు. మేం ముగ్గురం పొద్దున బస్సెక్కాం. సార్, నాయిన, నేను.

బస్సులో సార్ ముందు సీట్లో కూర్చుని గిటారును తన మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు. దుప్పటి కూడా ఆయనే సర్దాడు. నాయిన ఒకసారి లేచిపోయి, "నేను పట్టుకుంట సారూ, బరువుంటది," అన్నాడు. "నువ్వు ఎనక్కి కూసో," అన్నాడు సార్. నాయిన వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుని, దారి పొడుగునా ఆ దుప్పటి మూటనే చూశాడు. బస్సు గుంతలో పడినప్పుడల్లా ఆయన చేతులు లేచేవి.

నాగర్‌కర్నూల్ బస్టాండులో తెలకపల్లి నుంచి వచ్చిన మా పెదనాయిన వరసాయన కనిపించాడు. నాయిన పుట్టింది తెలకపల్లిలోనే. "ఏంరా తమ్మీ, గింత పొద్దున్నే ఏం పని?" అని నవ్వుతూ భుజం మీద చెయ్యేశాడు. నాయిన ఏదో చెప్పేలోపు సార్ అందుకున్నాడు. "దొంగసొత్తు పంచాయితీ ఉన్నది." ఆ చెయ్యి భుజం మీంచి దిగింది. ఆ మాట మేం ఇల్లు చేరేలోపే తెలకపల్లి చేరుకుని ఉంటుంది.

ఆర్కెస్ట్రా మాస్టరు దుకాణం నిండా మనిషెత్తు సౌండు బాక్సులు. వాటి మధ్య జర్దా నములుతూ ఆయన. సార్ సంగతంతా చెప్పాడు. మాస్టరుకు హుషారొచ్చింది. సార్ లాంటి పెద్దమనిషి ముందు తన విద్య చూపించుకునే అవకాశం మరి రోజూ రాదు కదా. నాయిన లెక్కకు రాడు.

దుప్పటి విప్పి గిటారును రెండు చేతుల మీద తూచాడు. "తేలికున్నదే," అన్నాడు. వేలితో టకటకమని కొట్టి విన్నాడు. చెవులు తిప్పి చూశాడు, తల వెనక చూశాడు, ఎక్కడా ఒక్క అక్షరం లేదు. "మస్తు నున్నగ గీకినవయ్యా," అన్నాడు నాయినతో. నాయిన అది మెప్పు అనుకున్నాడు. మాస్టరు గిటారు వెనక్కి తిప్పి, పలక మీది నా పేరు పైకి చదివాడు.

"గిదేంది? గిటారా, చెంబా?"

సార్ పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నాయిన మాత్రం, "మా బిడ్డ పేరు," అన్నాడు ఓపిగ్గా.

"సరే, గీకిన పేరేందో చెప్పు," అన్నాడు సార్. "కొన్నోనివి అయితే చూసి ఉంటవ్ గద."

"నాకు ఇంగ్లీషు చదవ రాదు సారూ. కని ఎట్ల ఉండెనో ఎరుక."

మాస్టరు సుద్దముక్క ఇచ్చాడు. నాయిన ఒక నల్లటి సౌండు బాక్సు ముందు గొంతు కూర్చుని గీయడం మొదలుపెట్టాడు. చదవరాని అక్షరాలు. ఎక్కడ వంపు, ఎక్కడ తోక, ఎక్కడ లావు, ఎక్కడ సన్నం, అన్నీ ఆలోచించి, చెరిపి, మళ్లీ గీశాడు. గీసి లేచి నిలబడ్డాడు. సార్ చూసి పెదవి విరిచాడు. "గిది ఏ భాష? ఉర్దూనా?" నాకూ చదవ రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మాస్టరు మాత్రం మెడ వంచి వంచి చూసి, తల పూర్తిగా కిందికి దించి, ఒక్కసారిగా తొడ మీద కొట్టుకున్నాడు. "తలకిందులు రాసిండు సార్! గీకేటప్పుడు తల తన దిక్కు పెట్టుకున్నడు. ఎట్ల కనవడ్డదో గట్లనే రాసిండు!"

ఇద్దరూ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. నవ్వడం అయ్యాక మాస్టరు ఆ పేరు చదివాడు. ఆ కంపెనీ పేరు నేనిక్కడ రాయను. మన దేశపుదే. కొత్తగా నేర్చుకునే పిల్లలకు చవకలో గిటార్లు చేసి అమ్మేది. నాయిన ఒక్క వంపు కూడా తప్పు గీయలేదు. ఆ సంగతి ఎవరూ అనలేదు.

"గద్వాలది జపాన్‌ది సార్. గిది గది కాదు," అన్నాడు మాస్టరు.

సార్ ఒప్పుకోలేదు. "పేరు యాడనన్న చూసి రాసి ఉంటడు. లోపట చూడు," అన్నాడు.

మాస్టరు తీగలు విప్పాడు. నాలుగు మరలు తీశాడు. నా పేరున్న పలక టేబుల్ మీద టంగుమని పడింది. మెడను అటూ ఇటూ ఊపి మొండెం లోంచి ఊడబెరికాడు. మెడ చివర, లోపల దాగి ఉండే చోట, ఊదారంగు సిరాతో కంపెనీ వేసిన ముద్ర ఉంది. నెల, సంవత్సరం. నేను పదో తరగతి పరీక్షలు రాసిన సంవత్సరం. మాస్టరు కట్టిన లెక్కన గద్వాల గిటారు పోయింది నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు. పోయిన నాటికి ఈ గిటారు పుట్టనే లేదు.

"అయిపోయింది," అన్నాడు మాస్టరు. "గిది నిన్నమొన్నటి మాలు."

నాకు గుండెల మీంచి బండ దింపినట్టయింది. నాయిన వైపు తిరిగాను, ఇప్పుడు అరుస్తాడు, ఇన్ని రోజుల కసీ తీర్చుకుంటాడు అని. నాయిన ఆ ముద్ర వైపు చూడటం లేదు. మెడ ఊడిన గుంతలోకి చూస్తున్నాడు. అక్కడ రంగు లేదు. పొరలు పొరలుగా అతికించిన చెక్క కనిపిస్తోంది. ఏళ్ల తరబడి అల్మారాల తలుపులకు పుట్టీ పెట్టిన మనిషికి అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ప్లైవుడ్డా?" అన్నాడు.

"మరేంది? చందనపు చెక్క అనుకుంటివా?"

"మళ్లొకపారి చూడు మాస్టర్. జర మంచిగ చూడు. మస్తు పాతది అన్నడు. ఫారిన్‌ది అన్నడు. అబద్ధం చెప్పెటోని లెక్క లేకుండె వాడు."

"ముద్ర చూపెడ్తిని గద."

"ముద్ర ఎవడన్న ఎయ్యచ్చు మాస్టర్. పాతదే అయి ఉంటది. ఫారిన్‌దే అయి ఉంటది."

సార్ ఆయన్ను తేరిపార చూశాడు. "ఏందిరా, పాతది, ఫారిన్‌ది అయితే గద్వాలదే అయితది. అప్పుడు నువ్వు దొంగవే అయితవ్. గదే కావాల్నా నీకు?"

నేను నాయిన ముఖమే చూస్తున్నాను. ఆయన ఆలోచిస్తున్నాడు. నిజంగానే ఆలోచిస్తున్నాడు. ఒక పక్క బిడ్డకు ఫారిన్ గిటారు తెచ్చిన దొంగ. ఇంకో పక్క రెండు పండుగలు వదులుకుని ప్లైవుడ్డు కొనుక్కొచ్చిన మంచివాడు. మా నాయినను ఆ రెండిటి మధ్య నిలబెట్టి, ఏది కావాలో చెప్పమని, సౌండు బాక్సుకు ఆనుకుని సార్ పళ్లు కుట్టుకుంటున్నాడు. ఆయన మీద నాకు ఆ రోజు పుట్టిన అసహ్యం ఇన్నేళ్లయినా రవ్వంత తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.

"కాదు సారూ," అన్నాడు నాయిన చివరికి. "ప్లైవుడ్డే."

దొంగ అన్నప్పుడు దించని తల అప్పుడు దించాడు.

"దొంగ కాదు లే. ఉత్త పిచ్చోడు," అన్నాడు సార్ మాస్టరుతో. మాస్టరు నవ్వాడు. నాయిన కూడా నవ్వాడు. వాళ్లకు తోడుగా, కొంచెం ఆలస్యంగా, తల దించుకునే నవ్వాడు. ఆ నవ్వు నేను చూడకుండా ఉండాల్సింది.

మాస్టరు మెడను మళ్లీ బిగించి ఇచ్చాడు. తిరుగు బస్సులో సార్ గిటారును ముట్టుకోలేదు. దొంగసొత్తు కానప్పుడు దాన్ని పట్టుకోవాల్సిన పని ఆయనకేముంది? నాయిన పట్టుకున్నాడు. పోయేటప్పుడు అది దెబ్బ తింటుందేమోనని గుంత గుంతకూ లేచిన చేతులు, వచ్చేటప్పుడు దాన్ని కాళ్ల దగ్గర పడేసి ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి.

ఇంటికొచ్చాక అమ్మ గుమ్మంలోనే అడిగింది. "తేలింది," అన్నాడు నాయిన. "దొంగది కాదన్నరు." అమ్మ అక్కడికక్కడే మోకాళ్ల మీద పడి ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. నన్నూ మోకాళ్లు వంచమంది. నాయిన గిటారును మంచం కిందికి తోసి పడుకున్నాడు. ప్లైవుడ్డు మాట అమ్మకు నేను చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. మర్నాడు బోరింగు దగ్గర ఆమెకు ఎవరో చెప్పారు.

ఆదివారం గుడిలో ప్రకటనలు చెప్పేది సారే. నేను ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చున్నాను. ఉపవాస కూటం ఎప్పుడో చెప్పాడు. గుడికి సున్నం వేయాలన్నాడు. సున్నానికి మన దగ్గర పుణె మేస్త్రీలు ఉన్నారు కదా అన్నాడు. కొందరు నవ్వారు. అంతే. దొంగ అన్న మాట గుడి లోపల, అందరి ముందు పలికింది. కాదన్న మాట గుడి బయట, చెప్పులు విడిచే చోట, తలకిందుల రాత సంగతితో కలిపి, నవ్వుకుంటూ పలికింది. పిల్లలు నాకు చెంబు గిటారు అని పేరు పెట్టారు. అయ్యగారు నన్ను మళ్లీ పాటల వాళ్లతో కూర్చోమన్నారు. అదే ఆయన చేసిన న్యాయం.

పుణెకు పోయే ముందు రోజు నాయిన మంచం కింది నుంచి గిటారు తీశాడు. సార్ తాళంచెవితో గీరిన చోట ముందు నల్లరంగు పూసి సరిచేశాడు. తర్వాత సన్నటి బ్రష్షు, చిన్న డబ్బాలో బంగారు రంగు తీసుకుని గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చున్నాడు. గిటారు తలను ఒళ్లో పెట్టుకుని, నన్ను పిలిచాడు.

"ఎటు దిక్కు మీదికి ఉండాలె బిడ్డా?"

నేను చూపించాను. గీకేసిన ఆ పేరును ఆయన మళ్లీ రాశాడు. ఊపిరి బిగబట్టి, ఒక్కో వంపే రాశాడు. ఆయన్ను పిచ్చివాణ్ణి చేసిన పేరు అది. ప్లైవుడ్డు అని అందరికీ చాటి చెప్పే పేరు అది. ఎందుకు నాయినా అని నేను ఏడ్చాను. "పేరు లేకుంటెనే గద గింత లొల్లి అయింది. పేరుంటె నిన్ను ఎవలు ఏమనరు," అన్నాడు. రాయడం అయ్యాక దూరం పెట్టి చూసుకున్నాడు. అచ్చు వేసినట్టుంది. నేను పట్టుకుపోతే అంగడిలో కొత్తది అన్నా నమ్ముతారు.

తెల్లారి ఆయన పుణె బస్సెక్కాడు. ఆ ఏడాది దసరాకు రాలేదు, క్రిస్మసుకూ రాలేదు. పని ఎక్కువుందని చెప్పి పంపాడు.

చలికాలంలో మా గుడి ముందర పందిరి వేసి సభలు పెట్టారు. చుట్టుపక్కల సంఘాల వాళ్లు వచ్చారు. కల్వకుర్తి నుంచి వచ్చారు, గద్వాల నుంచి వచ్చారు. నేను నల్ల గిటారు వాయించాను. బాగానే వాయించాను. పాట అయ్యాక, మెడలో కండువా వేసుకున్న ఒక పెద్దమనిషి వేదిక మీదికి వచ్చాడు. సార్ బావమరిది, గద్వాల గుడి పెద్ద. వచ్చి, గిటారు తల పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. అచ్చం సార్ పట్టుకున్నట్టే.

పేరు మీద బొటనవేలితో రుద్దాడు. రంగు చేతికి తగిలింది. మా నాయిన పనిలో ఎక్కడా ఏదీ చేతికి తగలదు, అది ఒక్కటే తగిలింది. అక్షరాలు కదా, పైకి లేచి ఉంటాయి.

"గిది కంపెనీ ఏసింది కాదు. చేతితోని రాసింది," అన్నాడు. సార్ వైపు చూశాడు. "బావా, నువ్వు ఫోన్‌ల చెప్పిన మా గిటారు గిదే గద? మళ్ల ఫోన్ చేస్త అంటివి, చెయ్యకపోతివి. పేరు గూడ మార్చిన్రా దీనికి?"

నాగర్‌కర్నూల్ పోయి వచ్చి అప్పటికి నెలలు గడిచాయి. సార్‌కు గద్వాలకు ఒక్క ఫోన్ చేసే తీరిక దొరకలేదు. ఆ నెలలన్నీ గద్వాలలో మా నాయిన దొంగగానే ఉన్నాడు.

వేదిక మీద సార్ ఉన్నాడు, అయ్యగారు ఉన్నారు, కీబోర్డు ముందు సార్ కొడుకు ఉన్నాడు. ముగ్గురికీ ముద్ర సంగతి తెలుసు. నేను ఒక్కొక్కరి ముఖం చూశాను. ఎవరూ నోరు మెదపలేదు.

"ఎవలు రాసిన్రు గీ పేరు?" అని గద్వాల పెద్దమనిషి ఈసారి నన్నే అడిగాడు.

"మా నాయిన రాసిండు," అన్నాను. తల ఎత్తే అన్నాను. మైకు దగ్గరగా ఉంది. ఆ మాట పందిరంతా వినపడింది.

ఆయన తేలిపోయిందన్నట్టు తల ఊపాడు. "చూసినవా బావా, పోరి ఒప్పుకున్నది," అన్నాడు.

సార్ పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతున్నాడు. తర్వాతి పాట నంబరు చెప్పి, అందరినీ లేచి నిలబడమన్నాడు.